గెలిచినవాడి కథ కాదు గబ్బిలం

జాషువా పాఠం చెప్పేరోజు నేనూ అందరు మాస్టార్లలాగే మొదలుపెట్టేవాణ్ణి. "1895లో వినుకొండలో పుట్టాడు. ఒకపక్క అంటరానితనం, ఒకపక్క ఆకలి. అయినా పట్టుదలతో మహాకవి అయ్యాడు. మీరెందుకు కాలేరు?" పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. నాకూ తృప్తిగా ఉండేది.

ఒక ఏడు తొమ్మిదో తరగతి పిల్ల సంక్రాంతి తర్వాత బడి మానేసింది. మాదిగవాడలో వాళ్లింటికి వెళ్లి ఇదే పాఠం చెప్పాను. ఆ పిల్ల తల దించుకునే అంది: "అమ్మా నేనూ ఇద్దరం మిరపకాయ కోతకి పోతేనే అప్పు తీరుద్ది సార్. ఆయన గూడా కోతకి పోయాడా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి గబ్బిలం మళ్లీ తీశాను. 1941లో వచ్చిన ఈ కావ్యంలో గెలిచినవాడెవడూ లేడు. ఉన్నది ఊరవతల బతికే ఒక అంటరాని నిరుపేద. మనిషిని రానివ్వని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు గనుక, కాశీలోని శివుడికి దానితో తన గోడు పంపుకుంటాడు. కాళిదాసు యక్షుడిది విరహం. ఇతనిది ఆకలి, అవమానం. కష్టపడితే పైకొస్తావని జాషువా ఇతనికి చెప్పడు. ఇతను కష్టపడుతూనే ఉన్నాడాయె! కష్టానికి కూడు దక్కలేదనే కదా ఫిర్యాదు. మన 'పట్టుదల' పాఠం ఆ ఫిర్యాదును మింగేసి, కవికి మాత్రం పటం కట్టింది. ఇందువల్ల ఎవరికి లాభం? జాషువా గెలిచాడు గనుక కులం అడ్డం కాదట, ఓడినవాడిదే తప్పట!

నేనూ అలాంటి పటాన్నే. మా అయ్య పాలేరు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. డీఎస్సీలో ఉద్యోగం వస్తే ఊరిపెద్దలు "పట్టుదల గలోడు" అన్నారు. సంక్షేమ హాస్టల్లో నీళ్లచారుతోనైనా పెట్టిన అన్నం, స్కాలర్‌షిప్పు, రిజర్వేషన్ వాళ్ల లెక్కలోకి రాలేదు. మా అక్కా రాలేదు. నాకంటే బాగా చదివేది. నన్ను చదివించడానికి ఏడో తరగతిలో ఆగి కూలికి పోయింది. ఆమెకు లేనిది పట్టుదలా?

జాషువా నాకు బలమివ్వలేదని కాదు. ఆకలి నా తప్పు కాదని, దాన్ని గురించి నిలదీయవచ్చని చెప్పింది ఆయనే. అయితే గబ్బిలంతో నాకో తగువుంది. గోడు శివుడి దగ్గరికి పోయింది. మా తరం గోడు ఆఫీసులకు పోవాలి.

రెండోసారి ఆ పిల్ల ఇంటికి వెళ్లినప్పుడు జాషువా పేరెత్తలేదు. హాస్టల్ దరఖాస్తు పట్టుకెళ్లాను. వాళ్లమ్మ వేలిముద్ర వేసి, "సీటిత్తారు సరే, ఈ అప్పు సంగతేంది సారూ?" అంది.

ఇప్పుడు గబ్బిలం పాఠం ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను.