గింబళి పుట్టిన చోటు

చలికాలం రాత్రి చుట్టాలెవరైనా దిగితే మా అమ్మ వంటింట్లోంచే కేకేసేది: ‘‘కంబళీ గింబళీ ఏమన్నా ఉంటే తెచ్చి పడెయ్యండే!’’ కంబళి అంటే ఏమిటో అందరికీ తెలుసు. మరి గింబళి? కంబళి దొరక్కపోతే దుప్పటి, అదీ లేకపోతే పాత చీర, ఏదో ఒకటి. పుస్తకం గిస్తకం, పెళ్లీ గిళ్లీ, కాఫీ గీఫీ... మన నోట్లో ప్రతి వస్తువు వెనకా దాని నీడ ఒకటి నడుస్తుంది. ఆ నీడకి అర్థం లేదు, ఆకారం లేదు. సందర్భాన్ని బట్టి చనువవుతుంది, చులకనా అవుతుంది.

1957లో ఒక రచయిత ఆ నీడకి ఆకారం ఇచ్చాడు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి మనుషులు మగపెళ్లివారి కోసం విడిదింట్లో పరిచింది కంబళి కాదు, గింబళి. వేసింది తల్పం కాదు, గిల్పం. గింబళి కూర్చున్నవాళ్లని కుదురుగా కూర్చోనివ్వదు. గిల్పం పడుకున్నవాళ్లని పడుకోనివ్వదు. హాలు హాలంతా నవ్వింది. ఇప్పటికీ నవ్వుతున్నాం. నవ్వు తగ్గాక కాస్త ఆలోచిస్తే ఇంకో సంగతి తడుతుంది. ఆ సినిమా కథంతా ఆ ‘గి’ అక్షరంలోనే ఉంది. ద్వారకకి నకలుగా ఒక గిద్వారక. పెళ్లికి నకలుగా ఒక గిళ్లి. పెళ్లికూతురు శశిరేఖకి నకలుగా, చెప్పుకుంటే, గిశిరేఖ.

ఆ రచయిత పింగళి నాగేంద్రరావు. 1901లో ఉత్తరాంధ్ర రాజాంలో పుట్టాడు, 1971లో పోయాడు. మనవాళ్లు ఆయన్ని ‘మాటల మాంత్రికుడు’ అనేసి ఊరుకుంటారు. నాకా బిరుదు మీద కొంచెం ఫిర్యాదుంది. మాంత్రికుడు అంటే ఎలా చేశాడో అడక్కూడదని అర్థం. ఎలా చేశాడనేదే కదా అడగవలసింది! అద్భుతాన్నీ ప్రేమనీ ఒక కథలో కలిపి రాయాలనుకునేవాళ్లకి ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’, ‘జగదేకవీరుని కథ’ మూడూ మూడు పాఠ్యపుస్తకాలు.

ఆయన చదువుకున్నది సాహిత్యం కాదు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో మెకానికల్ చదివి, ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేశాడు. తర్వాత నాటకాల్లోకి వచ్చాడు. బెంగాలీ నుంచి ద్విజేంద్రలాల్ రాయ్ నాటకాలు తెలుగు చేశాడు, బందరులోనే ఒక నాటక సమాజంతో ఏళ్లు గడిపాడు, ఆ తర్వాతే సినిమా. ఆయన కథల్లో మాయ ఎప్పుడు చూసినా నాకు ఆ రైల్వే ఉద్యోగమే గుర్తొస్తుంది. అది ఆకాశం నుంచి ఊడిపడ్డ మాయలా ఉండదు. మరకి మీట ఉన్నట్టు దానికో మీట ఉంటుంది, ఎంతవరకు తిరుగుతుందో ఒక లెక్క ఉంటుంది.

‘పాతాళభైరవి’ (1951) తీసుకోండి. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల్లోంచి తెచ్చిన మూలానికి అల్లావుద్దీన్ దీపపు వాసన కూడా తగిలించి అల్లిన కథ. పాతాళభైరవి ప్రతిమ ఏది అడిగినా ఇస్తుంది, కానీ చేతిలో పట్టుకున్నవాడికే ఇస్తుంది. వాడు మంచివాడా చెడ్డవాడా అన్నది దానికి అనవసరం. సాహసి అయిన యువకుణ్ణి బలి ఇస్తే తప్ప అసలు దక్కనే దక్కదు. ఈ రెండు షరతుల మీదే కథంతా పరిగెడుతుంది. ప్రతిమ ధర్మాన్ని చూసి పలికేదైతే నాయకుడు తోటరాముడి చేతికి వచ్చిన మరుక్షణం శుభం కార్డు పడేది. అది చెయ్యి మారగలదు కాబట్టే ప్రతినాయకుడు నేపాళ మాంత్రికుడికి రెండో సగం దొరికింది.

తోటరాముడు ఆ ప్రతిమ ఉన్న గుహలోకి ఎందుకెళ్లాడు? లోకాన్ని ఉద్ధరించడానికి కాదు. తోటమాలి ఇంటి కుర్రాడు ఉజ్జయిని రాకుమారి ఇందుమతి మీద మనసు పడ్డాడు. తనంత సంపద తెచ్చుకుని రమ్మన్నాడు రాజు. అంటే మామగారు పెట్టిన షరతు! తెలుగింట పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం అడగడానికీ దీనికీ ఎంత దూరం? అద్భుతానికి తలుపు తెరిచింది ఒక సంబంధం మాట. మాయ మనుషుల్ని ఎత్తుకుపోగలదు, మేడల్ని కట్టగలదు. మాంత్రికుడు ఇందుమతిని తెచ్చుకోగలిగాడు గానీ ఆమె చేత ఔననిపించుకోలేకపోయాడు. ప్రతిమ లొంగింది, పిల్ల లొంగలేదు. ఈ రకం కథ రాసేవాళ్లు గోడ మీద అంటించుకోవలసిన హద్దు అది.

మన జానపదానికి ఈ హద్దు ముందునుంచీ తెలుసు. బాలనాగమ్మని ఎత్తుకుపోయిన మాయల మరాఠీకి ఏమీ తక్కువ లేదు, ఆమె ఒప్పుకోలు తప్ప. పైగా వాడి ప్రాణం తన దగ్గర లేదు, ఎక్కడో చిలకలో ఉంది. ఎంత శక్తి ఉంటే అంత దూరాన ఒక బలహీనత ఉండాలని బుర్రకథ చెప్పేవాళ్లకి ఎవరూ క్లాసు పెట్టి నేర్పలేదు.

ఇక ‘మాయాబజార్’. దాన్ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, చూసిన ప్రతిసారీ పింగళి వస్తువుల్ని ఎక్కడ పెట్టాడో గమనిస్తుంటాను. ప్రియదర్శిని పేటిక తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అదే కనిపిస్తుంది. సత్యపీఠం ఎక్కినవాడి నోట నిజం తప్ప రాదు. రెండూ మొదట్లో వేడుక కోసం వచ్చినట్టే వస్తాయి. పేటికలో శశిరేఖకి తను ప్రేమించిన అభిమన్యుడు కనిపిస్తే ముసిముసిగా నవ్వుకుంటాం. పీఠాన్ని మర్చిపోతాం కూడా. చివర్లో శకుని తెలియక దాని మీద కాలు పెట్టి, దాచుకున్నదంతా తన నోటితోనే కక్కేస్తాడు. అప్పుడర్థమవుతుంది, ఒకటి మనసు బయటపెట్టే యంత్రం, రెండోది మాట బయటపెట్టే యంత్రం. ప్రేమకథకి ఈ రెండూ చాలు. వ్యాసుడి భారతంలో శశిరేఖే లేదు. ఆమె పెళ్లి కథ మన జానపదం, మన నాటకరంగం సాకినది. అందుకే ఆ ద్వారకలో తెలుగిల్లు కనిపిస్తుంది. ఆస్తి పోగానే మేనరికం తప్పించుకోవాలని చూసే అత్త, ఇచ్చిన మాట పట్టుకుని కూర్చున్న ఆడపడుచు, ఎవరికీ చెప్పకుండా అంతా నడిపే మేనమామ. పాండవుల కథే అయినా పాండవులు తెర మీద కనిపించనే కనిపించరు. కథకి వాళ్లతో పని లేదు, వాళ్లు పోగొట్టుకున్న రాజ్యంతోనే పని.

ఆ వెన్నెల పడవ పాట చూడండి. పడవలో ప్రేమికులిద్దరే ఉండాలి, న్యాయంగా. కాసేపటికి కృష్ణుడూ రుక్మిణీ ఎక్కుతారు, ఆ తర్వాత బలరాముడూ రేవతీ. పిల్లల్ని పట్టుకుందామని వచ్చిన పెద్దవాళ్లని కూడా వెన్నెల పట్టేసుకుంటుంది. ప్రేమని కుటుంబానికి ఎదురుగా నిలబెట్టకుండా, కుటుంబాన్నే ఒక ఐదు నిమిషాలు ప్రేమలో పడేయడం! ఇంతకన్నా గడుసు ప్రేమసన్నివేశం నేను తెలుగులో చూడలేదు.

అన్నిటికన్నా పెద్ద నకలు మాయా శశిరేఖ, అంటే ఆమె రూపంలో ఉన్న ఘటోత్కచుడు. పిల్లలా నటిస్తున్న రాక్షసుడిగా సావిత్రి నటించాలి. సిగ్గుపడుతూనే మీసం ఉన్నట్టు నడవాలి. నకలు మనిషితో ప్రేమకథ నడపడం మనకి కొత్త కాదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన (ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లెక్క నేను తియ్యను) ‘కళాపూర్ణోదయం’లో దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్లాడు. నలకూబరుడి కోసం రంభ రూపం తెచ్చుకున్న కలభాషిణికి, రంభ కోసం నలకూబరుడి రూపం తెచ్చుకున్న మణికంధరుడు ఎదురవుతాడు. ఇద్దరూ ఒకరినొకరు అసలే అనుకుంటారు. ఇంతలో నిజమైన రంభ వచ్చి నిలబడుతుంది. ఎవరికి దక్కింది ఎవరు? సూరన పాఠకుణ్ణి ఆ చిక్కులో హాయిగా తిప్పుతాడు. నాగేంద్రరావు మాత్రం తేలిగ్గా విడిపోయే ముడే వేస్తాడు, ఎందుకంటే ఎదురుగా టికెట్టు కొన్నవాడు కూర్చున్నాడు. దర్శకుడు కె.వి.రెడ్డి మరీ లెక్క మనిషి. చిత్రీకరణకి ముందే ఏ సన్నివేశం ఎన్ని నిమిషాలో స్టాప్‌వాచీ పెట్టి తేల్చుకునేవాడు. ఆ గడియారం ముందు నిలవని మాట ఎంత అందమైనదైనా మిగలదు. తెలుగు రచయితల్లో చాలామందికి ఈ గడియారం అత్యవసరం, నాతో కలిపి.

మళ్లీ మాటల దగ్గరికే వస్తాను. ‘అస్మదీయులు’ అంటే మనవాళ్లు. మరి ఎదుటివాళ్లని ఏమనాలి? వ్యాకరణం ప్రకారం తదీయులు. ‘మాయాబజార్’లోని ఒక రాక్షసుడికి వ్యాకరణం రాదు, లయ వచ్చు. ‘అసమదీయులు’ ఉంటే ‘తసమదీయులు’ ఉండాలిగా! ఘటోత్కచుడు తప్పు పట్టలేదు, కొత్త మాట పుట్టించినందుకు వాడికి వీరతాళ్లు వేయించాడు. తప్పుగా పుట్టిన ఆ మాట ఇప్పటికీ రాజకీయ వ్యాసాల్లో దర్జాగా తిరుగుతోంది. ఊహాలోకం కట్టేవాళ్లు ముందు పటాలు గీస్తారు, రాజవంశాలు రాస్తారు. ఈయన ఆ లోకపు మనుషులు ఎలా తప్పుగా మాట్లాడతారో కనిపెట్టాడు. లోకం దానంతటదే నిలబడింది.

అన్నీ మెచ్చుకోలేను. ‘జగదేకవీరుని కథ’ (1961)లో వీరుడు దేవకన్య చీర దాచి పెళ్లి దాకా తీసుకెళ్లే పద్ధతి పాత జానపదంలోంచి వచ్చినదే అయినా, ఇవాళ చూస్తుంటే నవ్వు గొంతులో ఆగుతుంది. ‘పాతాళభైరవి’ ఇందుమతికి కూడా ఎదురుచూడటం తప్ప పెద్ద పని లేదు. ఆమె కాదనడం గొప్పదే. ఆమెకి ఏం కావాలో ఇంకో రెండు సన్నివేశాలు ఉంటే బాగుండేది.

ఆ రెండు సన్నివేశాలూ ఇప్పుడు ఆడపిల్లలు రాస్తున్నారు. ఫోన్లలో రోజుకో భాగం చొప్పున వచ్చే తెలుగు ఫ్యాంటసీ ప్రేమకథలు చాలావరకు వాళ్లవే. మా అక్క కూతురు కూడా ఒకటి మొదలుపెట్టింది. నాయిక దగ్గర ఒక ఉంగరం ఉంది, తలుచుకుంటే ఏదైనా జరుగుతుంది. పద్నాలుగో భాగానికి కథ ఆగిపోయింది. ‘‘ఏం రాయాలో తోచడం లేదు పిన్నీ’’ అంది. ఆ ఉంగరం ఏం చెయ్యలేదో ముందు చెప్పవే అన్నాను. విసుక్కుంది. నాలుగు రోజులు ఫోను లేదు.

మొన్న రాత్రి పదకొండింటికి చేసింది. ‘‘పిన్నీ, ఉంగరం వేలికి ఉన్నవాళ్లకి పనిచెయ్యదు. ఇచ్చేసినవాళ్లకే పనిచేస్తుంది.’’

‘‘మరి ఆ పిల్ల ఎవరికిస్తుందే?’’

‘‘అదే రాస్తున్నా. పెట్టెయ్.’’