మండుటెండలో స్లో ఫిల్ము

కెమెరాలో ఐఎస్ఓ 400 ఫిల్ము ఉంటే పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళదాకా పని నడిచిపోతుంది. అయినా ఇల్‌ఫర్డ్ పాన్ ఎఫ్ ప్లస్ లాంటి ఐఎస్ఓ 50 ఫిల్మును వెతికి మరీ కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. దానికి 400 కన్నా 8 రెట్లు ఎక్కువ వెలుతురు కావాలి. ఎందుకీ అవస్థ అంటే చాలామంది చెప్పే జవాబు ఒకటే: గ్రెయిన్ కనబడదు. అది సగం జవాబే.

ఫిల్ము మీది జెలటిన్ పొరలో సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు ఉంటాయి. వానలో గిన్నె కన్నా పళ్లెంలో ఎక్కువ చినుకులు పడ్డట్టు, పెద్ద స్ఫటికానికి కాంతి తగిలే అవకాశం ఎక్కువ. అందుకే 400 లాంటి ఫాస్ట్ ఫిల్ముల్లో స్ఫటికాలు పెద్దవి. డెవలప్ అయ్యాక వెండిగా మారేవి అవే. ప్రింటు పెద్దదయ్యేకొద్దీ అవి గ్రెయిన్‌గా కంటికి తెలుస్తాయి.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్‌కు ఈ బెడద లేదు. 1930లో తగరపు గరాటులో నిలబెట్టి తీసిన ఆయన బుంగమిర్చి బొమ్మ, 8×10 అంగుళాల నెగెటివ్ నుంచి అదే సైజులో వేసిన కాంటాక్ట్ ప్రింటు. చిక్కు తెచ్చింది 1925లో బజారుకొచ్చిన లైకా కెమెరా. దాని నెగెటివ్ 24×36 మిల్లీమీటర్లే. 12×18 అంగుళాల ప్రింటు వేయాలంటే 12 రెట్లకు పైగా పెంచాలి. కొడాక్ వారి పానటామిక్ లాంటి సన్న గ్రెయిన్ ఫిల్ములు 1930ల్లో రావడానికి ఈ చిన్న కెమెరాలే కారణం.

1986లో కొడాక్ టీ-మ్యాక్స్ 100 వచ్చింది. బల్లపరుపు స్ఫటికాలతో, ఐఎస్ఓ 100లోనే చాలా సన్నని గ్రెయిన్ ఇచ్చింది. కాబట్టి గ్రెయిన్ ఒక్కటే కావాలనుకుంటే 50 దాకా దిగనక్కర్లేదు.

మిగతా సగం జవాబు ఎండలో ఉంది. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు 400 ఫిల్ముతో సెకనులో 1000వ వంతు దగ్గర కూడా అపెర్చర్‌ను ఎఫ్/11కు మూయాలి. చాలా పాత కెమెరాల షట్టరు అంతకన్నా వేగంగా పోదు. ఇక మనిషి వెనకున్న కరెంటు తీగలు, సైన్‌బోర్డులు అన్నీ స్పష్టంగా పడతాయి. అదే షట్టరుకు 50 ఫిల్ముతో ఎఫ్/4 చాలు, వెనకదంతా మసకబారుతుంది. గోదావరి జిల్లాల వేసవి వెలుతురుకు ఇంతకన్నా పనికొచ్చే గుణం లేదు.

అయితే పాన్ ఎఫ్‌కు కాంట్రాస్ట్ ఎక్కువ. మధ్యాహ్నం తీసిన ముఖంలో కళ్ల గుంటలు నల్లటి మచ్చలైపోతాయి. అనుభవజ్ఞులు మీటరును 32 దగ్గర పెట్టి, డెవలప్‌మెంట్ సమయాన్ని కొంత తగ్గిస్తారు. కానీ ఆ సమయం అసలే తక్కువ: పలచన చేయని ఐడీ-11 డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర 6.5 నిమిషాలు. మే నెల కుళాయి నీళ్ల వేడికి అది ఇంకా కుదించుకుపోతుంది. 5 నిమిషాల లోపు పనిలో మరకలు, చారలు తేలే ప్రమాదం ఉంది. డెవలపర్‌కు సమానంగా నీళ్లు కలిపి వాడితే సమయం 8.5 నిమిషాలకు పెరుగుతుంది. దానికి తోడు ట్యాంకును ఐసు నీళ్ల బేసిన్‌లో ఉంచి, థర్మామీటరు మీద ఓ కన్నేయాలి.

నీడలోకి వెళ్తే ట్రైపాడ్ తప్పదు. చెయ్యి వణికిన నెగెటివ్‌లో గ్రెయిన్ ఎంత సన్నగా ఉన్నా ఒరిగేదేమీ లేదు. అలాంటి చోట 400 వేసుకున్నవాడే తెలివైనవాడు.

రోలు పూర్తయ్యాక కూడా పాన్ ఎఫ్ ఆగనివ్వదు. ఎక్స్‌పోజ్ అయిన బొమ్మ దాని మీద త్వరగా క్షీణిస్తుంది, అందుకే 3 నెలల్లోపు డెవలప్ చేయమని ఇల్‌ఫర్డ్ చెబుతుంది. సంక్రాంతికి నాలుగు ఫ్రేములు, దసరాకు నాలుగు తీసే అలవాటున్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.