ఆరోగ్యశ్రీ లెక్క, వెలిగొండ లెక్క

పశ్చిమ ప్రకాశం మనిషి పేరు మీద ప్రభుత్వం రెండు లెక్కలు రాస్తుంది. ఒకటి వైద్యానిది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. రెండోది నీటిది. 1996లో శంకుస్థాపన జరిగిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. మొదటిది ఆరోగ్య శాఖ చేతిలో, రెండోది జలవనరుల శాఖ చేతిలో ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవమని ఎవరికీ పురమాయించలేదు కాబట్టి ఎవరూ చదవరు. చదివితే మాత్రం ఒక సంగతి బయటపడుతుంది. ఈ ప్రాంతాన్ని తరాలుగా పీడిస్తున్న జబ్బుకు ఈ రెండు పద్దుల్లోనూ చోటు లేదు.

ఆ జబ్బు నిన్నమొన్నటిది కాదు. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ (తాగునీటిలోని ఫ్లోరైడు తెచ్చే జబ్బు) గురించి 1937లోనే ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. వాళ్లలో సి.జి. పండిట్ తర్వాతి కాలంలో ఐసీఎంఆర్‌కు తొలి డైరెక్టర్ అయ్యారు. పొదిలి, దర్శి, కనిగిరి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోవి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. 1970లో వీటిని ఒంగోలు జిల్లాలో కలిపారు, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా పేర్లు మారాయి గానీ పిల్లల గార పళ్లు మారలేదు, ముప్పై నలభై ఏళ్లకే బిగుసుకుపోయే నడుములూ మారలేదు.

ముందు ఆరోగ్యశ్రీ పద్దు చూద్దాం. దాని కొలమానం ప్యాకేజీ. ఫలానా చికిత్సకు ఫలానా రేటు. రోగి ఆసుపత్రిలో చేరాలి, అక్కడి పథకం సహాయకుడు వివరాలు ఎక్కించాలి, అనుమతి రావాలి, చికిత్స అయ్యాక బిల్లు వెళ్లాలి. ఈ పద్ధతి చేసిన మేలును చిన్నచూపు చూడనక్కర్లేదు. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకోవాల్సిన ఇంటికి ఆ పొలం మిగిలింది. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు, జాబితాలో చికిత్సలు మూడు వేలు దాటాయి. అయితే జాబితా ఎంత పొడవైనా దాని స్వభావం ఒకటే. చేసే పని ఉంటేనే ధర, ధర ఉంటేనే జబ్బుకు లెక్కలో ఉనికి. రేటు ఉన్న పనులు పెరుగుతాయన్నది కూడా ఇందులో భాగమే. ఉమ్మడి రాష్ట్రంలో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద అంత గోల ఎందుకు జరిగిందో గుర్తున్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఫ్లోరోసిస్‌ను ఆ జాబితా ముందు నిలబెట్టండి. ఎముకలో చేరిన ఫ్లోరైడును తీసేసే మందు లేదు. వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు పట్టు తప్పే దశలో శస్త్రచికిత్సకు కొంత అవకాశం ఉంటుంది, అంతే. అంతకు ముందు ఇరవై ఏళ్లూ ఆ మనిషి కీళ్ల నొప్పులకు మందుల షాపులో బిళ్లలు కొనుక్కుంటాడు. ఆ డబ్బు ఏ బిల్లులోనూ కనపడదు. నయం కాని జబ్బు కాబట్టి ప్రభుత్వానికి ఖర్చు లేదు, ఖర్చు లేదు కాబట్టి పద్దులో జబ్బే లేదు.

డయాలసిస్ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. దానికి రేటు ఉంది, రోజులు ఉన్నాయి, బిల్లు ఉంది. ఇక్కడి కిడ్నీ జబ్బులకు కారణం ఒకటే అని చెప్పలేం. షుగరు, బీపీ, నొప్పి బిళ్లలు, నీరు, ఎవరి కేసు వారిది. నేను చెప్పదలుచుకున్నది కారణం గురించి కాదు, డయాలసిస్ యూనిట్ వెనక ఉండే నీటి గది గురించి. ఇసుక ఫిల్టరు, దాని పక్కన కార్బన్ ఫిల్టరు, నీటిని మెత్తబరిచే రెసిన్ ట్యాంకు, ఆ తర్వాత ఆర్వో గొట్టాలు. యంత్రం నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటల్లో దాదాపు 120 లీటర్ల శుద్ధ జలం వాడుకుంటుంది. పల్చటి పొర అవతలే రోగి రక్తం ఉంటుంది కాబట్టి ఆ నీటిలో ఫ్లోరైడు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. 1993లో షికాగోలో ఒక డయాలసిస్ యూనిట్‌లో ఈ శుద్ధి విఫలమై ముగ్గురు చనిపోయారు, అందుకే అంత పట్టింపు. మనిషి తాగే నీటికి మన ప్రమాణం 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు పర్వాలేదు. తాగేది రెండు మూడు లీటర్లే కాబట్టి ఆ తేడాకు శాస్త్రం దగ్గర సరైన కారణమే ఉంది. కాకపోతే ఆసుపత్రిలో 0.2 కోసం పెట్టిన ఖర్చు వైద్యం పద్దులో పడుతుంది, అదే రోగి ఇంటికెళ్లి బోరు నీళ్లు మానేసి కొనుక్కునే క్యాన్ నీళ్ల ఖర్చు ఆయన సొంత జేబులో పడుతుంది.

వెలిగొండ పద్దు ఇంకో తీరు. కొల్లంవాగు దగ్గర శ్రీశైలం జలాశయం నుంచి నీరు తీసుకుని, నల్లమల కింద 18 కిలోమీటర్లు దాటిన రెండు సొరంగాల్లోంచి నల్లమల సాగర్ జలాశయానికి మళ్లించాలి. 43.5 టీఎంసీలు, 4.47 లక్షల ఎకరాలు, 15.25 లక్షల మందికి తాగునీరు. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో ముగిశాయి. ఆ మార్చిలో జాతికి అంకితమూ చేశారు. నిర్వాసితుల పునరావాసం, మిగిలిన పనులు అలాగే ఉండిపోయాయి.

ఇక్కడ కొలమానం ఎకరం. సాగునీటి ప్రాజెక్టు పెట్టుబడికి తగినదా కాదా అని తేల్చే పద్ధతి దేశమంతటికీ ఒకటే. నీరు రాకముందు పంట విలువెంత, వచ్చాక ఎంత, సాగు ఖర్చు పోను మిగిలేదెంత అని చూసి, ఆ లాభాన్ని ఏటా అయ్యే ఖర్చుతో భాగిస్తారు. మామూలు ప్రాంతంలో అది 1.5 దాటాలి, కరువు ప్రాంతంలో 1 వస్తే చాలు. మార్కాపురం, గిద్దలూరు కరువు సీమ కాబట్టి ఈ సడలింపు వర్తిస్తుంది. మిర్చికి ఇంత, వరికి ఇంత, కందికి ఇంత అని లెక్కలుంటాయి. 15.25 లక్షల మంది గొంతులు ప్రాజెక్టు పరిచయంలో గొప్పగా కనిపిస్తాయి, నిష్పత్తి దగ్గరికి వచ్చేసరికి మోత అంతా పంటలదే. ఫ్లోరైడు లేని నీరు తాగి బిగుసుకుపోకుండా మిగిలే నడుము విలువ ఎంత అని అడిగే గడి లేదు.

కాలం విషయంలోనూ ఈ రెండు లెక్కలకు పొంతన లేదు. వైద్యానికి విలువ కట్టే ఆర్థికవేత్తలు భవిష్యత్తులో దక్కే ఆరోగ్యాన్ని మన దేశంలో ఏడాదికి 3 శాతం చొప్పున తగ్గించి చూస్తారు. అంటే ఇరవై ఏళ్ల తర్వాతి 100 రూపాయల మేలు నేటి లెక్కలో 55 రూపాయలు. సాగునీటి లెక్కలో పెట్టుబడి మీద వేసే వడ్డీ 10 శాతం. అదే వడ్డీతో చూస్తే ఆ 100 రూపాయలు 15కు పడిపోతాయి. ఫ్లోరోసిస్ ఇరవై ముప్పై ఏళ్లు తీసుకుని వచ్చే జబ్బు. ఇవాళ బడిలో చేరిన పిల్లకు మంచినీళ్లు ఇస్తే ఫలితం ఆమెకు పెళ్లీడు పిల్లలు వచ్చేనాటికి తెలుస్తుంది. అంత నిదానంగా వచ్చే మేలును నీటి ఖాతా గడి తెరిచి కలుపుకున్నా, వడ్డీయే దాన్ని మింగేస్తుంది. అందుకే తాగునీటిని సాగునీటి నిష్పత్తిలో ఇరికించి కొలవడం నాకు సమ్మతం కాదు. దానికి ఆరోగ్యపు వడ్డీ, ఆరోగ్యపు గడి కావాలి.

ఎవరి జేబు వైపు నుంచి చూస్తున్నాం అన్నది మరో పేచీ. గిద్దలూరు వాళ్లు పెద్ద వైద్యానికి నంద్యాల, కర్నూలు వైపు పోతారు, మార్కాపురం వాళ్లు ఒంగోలుకో, రైలెక్కి గుంటూరుకో. ఆసుపత్రిలో పైసా కట్టకపోయినా తోడు వచ్చిన కొడుకు కూలి పోతుంది, అతని చార్జీలు, భోజనాలు తప్పవు. వైద్యం పద్దు చాలాకాలం దీన్ని చూడనే లేదు. 2019 డిసెంబరులో వచ్చిన ఆరోగ్య ఆసరా ఆసుపత్రి గేటు దాటి బయటికొచ్చింది. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. రోగి కూలి పోయిందని ప్రభుత్వం ఒప్పుకున్న అరుదైన సందర్భం అది. నీటి పద్దులో అలాంటి ఒప్పుకోలు ఒక్కటీ కనపడదు. ఈ ఒక్క విషయంలో ఆరోగ్యశ్రీకే నా ఓటు. లోపాలు ఎన్ని ఉన్నా దాని కింది వరసలో ఒక మనిషి పేరు ఉంటుంది.

విలువ కట్టడమంటే ఖరీదైన వైద్యం ఆపేయడమని కొందరు భయపడతారు. థాయిలాండ్ చూడండి. అక్కడి నిపుణులు లెక్క వేసి, పెట్టిన డబ్బుకు దక్కే ఆయుష్షును బట్టి చూస్తే డయాలసిస్ గిట్టుబాటు కాదని తేల్చారు. అయినా 2008లో ప్రభుత్వం దాన్ని ఉచిత వైద్యంలో చేర్చింది. మందు మానితే చావు, కొంటే దివాలా అన్న స్థితిలో కుటుంబాన్ని వదిలేయకూడదన్నదే కారణం. అయితే ఇంట్లోనే కడుపు పొర ద్వారా చేసుకునే పద్ధతికి పెద్దపీట వేసి, ద్రావణం సంచుల్ని పోస్టు ద్వారా ఊళ్లకు పంపింది. యంత్రం దగ్గరికి వెళ్లే ప్రయాణం తప్పింది. 2022లో పద్ధతిని ఎంచుకునే వీలు రోగులకు ఇచ్చారు. అక్కడ లెక్క చేసిన పని డయాలసిస్ వద్దనడం కాదు, ఏ దారిన ఇవ్వాలో చూపించడం.

మన రాష్ట్రంలోనే ఇంకో ఉదాహరణ ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ ఇదమిత్థంగా తేలలేదు. అయినా 2023 డిసెంబరు 14న సుమారు 700 కోట్ల తాగునీటి పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రాన్ని ఒకే రోజు ప్రారంభించారు. నీటినీ వైద్యాన్నీ ఒకే జబ్బుకు రెండు ఖర్చులుగా చూశారు. కారణం తెలియని చోట కుదిరిన ఈ పని, కారణం 1937 నుంచీ అచ్చులో ఉన్న చోట కుదరలేదు. ఉద్దానం పేరు రాష్ట్రమంతా మోగింది, కనిగిరి, మార్కాపురం పల్లెలది అంత గొంతు కాదు. మంచాన ఉన్న డయాలసిస్ రోగి చూపించదగ్గ దృశ్యం, వంగిన నడుము బడి గేటు దగ్గర రోజూ కనిపించేది కావడం వల్ల కూడా కావచ్చు.

రేపు నల్లమల సాగర్ నిండినా, అక్కడి నుంచి ఊరూరికీ పైపులేసి తాగునీరు ఇచ్చే బాధ్యత జలవనరుల శాఖది కాదు. అది గ్రామీణ నీటి సరఫరా శాఖ పని, మనిషికి రోజుకు 55 లీటర్లు అని 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పరిధిలోది. కొళాయిలు ఎన్ని బిగించారన్నది దాని కొలమానం. అది మూడో పద్దు.