కొలువుకూటమున ఏకాంతము

"కొలువు" అను పదమునకు మన భాషలో రెండర్థములు గలవు. రాజు సభ తీర్చుట కొలువు. జీతమునకు పని చేయుటయు కొలువే. కచేరి యను మాటయు నిట్టిదే. వీనినిబట్టి, పనియనగా పదుగురి కన్నులయెదుట జరుగవలసినదే యని మన పూర్వులు తలంచిరని యెవరైన వాదింపవచ్చును. కాని సభ తీర్చిన రాజునకు మంతనమునకై వేఱొక చోటుండెడిది. నేటి కార్యాలయ నిర్మాతలు కూటమును మాత్రము గ్రహించి, మంతనపు గదికి గాజుగోడలు పెట్టి, గంటల లెక్కన పంచుచున్నారు. గోడలులేని యీ కార్యాలయము మన బిడ్డలు పగలంతయు గడపు చోటగుటచే, దానిని గూర్చి కొంత విమర్శింపదలచితిమి.

2008వ సంవత్సరమున మా బాసరలో ట్రిపుల్ ఐటీ స్థాపింపబడినది మొదలు, పదవ తరగతి ముగించిన పల్లెబిడ్డలు ఇచట ఆఱేండ్లు చదివి, పలువురు హైదరాబాదులోని సాఫ్టువేరు కొలువులకు పోవుచున్నారు. సెలవులకు వచ్చినప్పుడు వారు చెప్పు మాటలు ఒక్కతీరుననే యుండును. జీతము బాగు, భోజనము బాగు, చల్లదనము బాగు. తల యెత్తిన నెవరో యొకరు చూచుచుందురు. వెనుకనుండి నడచిపోవు ప్రతివాని కన్నును తమ కంప్యూటరు తెరపై బడును. ప్రక్కవాని ఫోను సంభాషణము, వాని యింటి జగడముతో సహా, వినక తప్పదు. కొన్నిచోట్ల నేడు కూర్చున్న బల్ల రేపు తనది కాదట, సొరుగైనను లేదట. చెవులకు తొడుగులు తగిలించుకొందురు. అవి వినుటకు గాదు, వినకుండుటకు.

ఈ పద్ధతిని సమర్థించువారు చెప్పు కారణము వినసొంపైనదే. గోడలు తీసిన మనుష్యులు కలసి మాటలాడుదురట. మాటలాడిన క్రొత్త యూహలు పుట్టునట. 1950వ దశకపు చివర జర్మనీలో ష్నెల్లె సోదరులు గదులను తొలగించి బల్లలను విడివిడిగా నమర్చినప్పుడు వినబడినదియు నిట్టి మాటయే. 1968లో అమెరికాలో రాబర్ట్ ప్రాప్‌స్ట్ పనివానికి కొంత మఱుగు కల్పింపదలచి, కదల్చదగిన అడ్డుపలకలను రూపొందించెను. యజమానులు వానినే దగ్గఱదగ్గఱగా బిగించి గూళ్లు చేసిరి. తరువాత చాలచోట్ల ఆ గూళ్లును పోయినవి.

మఱి మాటలు పెరిగినవా? బెర్న్‌స్టైన్, టర్బన్ అను నిరువురు రెండు పెద్ద సంస్థలలోని యుద్యోగులకు కొలతయంత్రములు తగిలించి పరిశీలించి, 2018లో ఫలితమును ప్రకటించిరి. గోడలు తీసిన పిమ్మట ముఖాముఖి సంభాషణము సుమారు 70 శాతము తగ్గినది. కంప్యూటరు లేఖలు పెరిగినవి. ఇందు వింత లేదు. అందఱును విందురన్న జంకుచే నోరు మెదపనివాడు ప్రక్కబల్లవానికే యుత్తరము వ్రాయును. కావున మాటల కొఱకు గోడలు తీసితి మనుట నిలువదు. ఒక్క యంతస్తున నెక్కువమందిని కూర్చుండబెట్టవచ్చును, అద్దె తగ్గును. ఎవడేమి చేయుచున్నాడో నిలిచినచోటినుండియే చూడవచ్చును. లాభమును లాభమని చెప్పినచో మేము పేచీ పెట్టము. దానికి స్నేహమని పేరు పెట్టుటయే మాకు రోత.

"ఒంటిగదియిండ్లలో పెరిగినవారికి మఱు గేల? ఇది దొరల విలాసము గాదా?" యని మా తోడి యుపాధ్యాయు లొకరు ప్రశ్నించిరి. ఒంటిగదియింట నున్నవానికి అరుగుండెను, పెరడుండెను, తెల్లవాఱుజాముండెను, ఏటియొడ్డుండెను. భారతయుద్ధానంతరము శాంతిని గోరి వ్యాసుడు ఈ గోదావరితీరమునకు వచ్చెనని మా స్థలపురాణము. ఆయన తపస్సు చేసినదని యొక గుహను నేటికిని చూపుదురు. వసంతపంచమినాడు ఇచట జరుగు అక్షరాభ్యాసమునే చూడుడు. ఇసుక వేసిన రాలదన్నట్లు జనము. అంత సందడిలోను ప్రతి బిడ్డయెదుట తన పలక తనకుండును. వెనుక తండ్రియొడి యడ్డుగా నుండును. నేటి కార్యాలయమున పనివాని వీపునకు ఆ పాటి యడ్డును లేదు.

గడియ కూడికలో నడుమనున్న బాలుని పేరుపెట్టి పిలిచిన వాడు మొదటినుండి లెక్కింపవలసివచ్చుటను మేము నిత్యము చూచుచున్నాము. ప్రోగ్రాము వ్రాయువాని పనియు నట్టిదే. ప్రతివానికి నొక గది కట్టుడని మేము కోరము. వీపునకొక యడ్డుతెర, తాళముగల సొరుగు, ఫోను మాటలకు వేఱుగది, ఉదయమున రెండు గంటలపాటు ఎవరు నెవరిని పిలువరాదను కట్టుబాటు: ఇవి యెట్టి సంస్థకును అలవికానివి గావు. కొలువున చేరబోవు మా శిష్యులకు, జీతమెంత యని యడుగునప్పుడే యెచట కూర్చుండవలయునో యడుగుడని చెప్పుచున్నాము. అడిగినవా రింకను తక్కువే.