లేసులో చిక్కుకున్న మాటలు

ఫ్రెంచివాళ్ళు అనగానే మనకు యానాం గుర్తొస్తుంది. 1954 నవంబరు 1న వాళ్ళు ఆ ఊరు అప్పగించి వెళ్ళిపోయారు. ఊళ్ళు అప్పగించినంత తేలిగ్గా మాటలు అప్పగించడం కుదరదు. నరసాపురం దగ్గర మాధవాయిపాలెం అని ఓ పల్లె ఉంది. ఒకప్పుడు ఆ రేవు నుంచి నూలుబట్ట ఓడలెక్కి సీమకు పోయేది. బట్టతో పాటు ఊరి పేరూ పోయింది. ఇప్పటికీ ఫ్రెంచి నిఘంటువు తెరిస్తే ‘మదపొలాం’ అంటే ఒక రకం నూలుబట్ట! మాధవుడికి ఎంత మర్యాద జరిగిందో చూశారా?

దానికి బదులన్నట్టు మనకు ‘క్రోషే’ వచ్చింది. ఫ్రెంచిలో ఆ మాటకు చిన్న కొక్కెం అని అర్థం. మన ఆడవాళ్ళ నోట అదే ‘క్రోషియా’ అయింది. ఇక ‘లేసు’ సంగతి మరీ తమాషా. ఇంగ్లీషువాళ్ళ ద్వారా మనదాకా వచ్చిన ఈ మాట పాత ఫ్రెంచిలో పుట్టింది. అక్కడ దాని అర్థం ఉచ్చు! నేటి ఫ్రెంచివాళ్ళు మాత్రం లేసును ‘దాంతెల్’ అంటారు. దాంతెల్ అంటే చిట్టిపళ్ళు. అంచున పళ్ళవరసలా ఉంటుంది గదా, అందుకని.

ఆ చిట్టిపళ్ళకు పేరుపొందిన ఊరు నార్మండీ సీమలోని అలాంసొం. వెనీసు లేసు కోసం ఫ్రాన్సు డబ్బంతా పరదేశానికి పోతోందని పద్నాలుగో లూయీ మంత్రి కొల్బేర్ బెంగపడ్డాడు. 1665లో రాజముద్రతో దేశంలోనే లేసు పని పెట్టించాడు. అలాంసొం వాళ్ళది క్రోషియా కాదు, ఉత్త సూదీ దారం. ఒక చదరపు సెంటీమీటరు పూర్తికావడానికి ఏడు గంటలు పడుతుందట! గోరంత లేసుకు ఒక పూట గడిచిపోతుందన్నమాట. 2010లో యునెస్కో ఆ విద్యను మానవజాతి వారసత్వాల పట్టికలో చేర్చింది. ఆ ఊరి లేసు గురించి ఎవరు రాసినా ముందుగా చెప్పేది ఈ గంటల లెక్కే.

మరి మన నరసాపురం లేసుకు గంటలు ఎవరు లెక్కపెట్టారు?

పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ పని గోదావరి పల్లెల్లో ఇంటింటికీ పాకింది. అరుగు మీద కూర్చుని అల్లిన లేసు ఎక్కడెక్కడి దేశాల బల్లల మీదో పరుచుకుంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ పల్లెల్లో తిరిగి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం వేసింది. లేసు అందాన్ని పొగిడే పుస్తకం కాదది, లేసు లెక్క తేల్చే పుస్తకం. ఆడది గడపదాటి పనిచేయకపోవడమే పరువనుకునే ఇళ్ళలో, రోజుకు గంటల తరబడి అల్లినా దాన్ని ‘తీరికవేళ పని’ అనే అన్నారు. తీరికవేళ పనికి కూలి ఎందుకుంటుంది? దారమిచ్చి సరుకు పట్టుకుపోయే వ్యాపారికి ఆ ఒక్క మాటే పెట్టుబడి. ఉచ్చు అన్న పాత అర్థం ఊరికే పోలేదు మరి!

పుస్తకం గొప్పదే. కానీ ఈ సంగతి చెప్పడానికి మీస్ వాడిన మాటను తెలుగులో పెడితే ‘గృహిణీకరణ’ అవుతుంది. నోట్లో రాళ్ళు పోసుకున్నట్టు లేదూ? అదే విషయాన్ని మా కోనరావుపేట వైపు ఆడవాళ్ళు ఒక్క ముక్కలో చెప్తారు. ‘ఏం పని చేస్తున్నవక్కా?’ అని అడగండి. ‘పనేంది? ఇంట్లనే ఉంటున్న, బీడీలు చేసుకుంట’ అంటుంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, పొద్దుగూకేదాకా ఆడే వేళ్ళు. అయినా ‘పనేంది?’ అట! సిరిసిల్లలో సాంచె నడిపే మగవాణ్ణి అడిగితే ‘ఇంట్లనే ఉంటున్న’ అంటాడా?

అయితే బీడీల విషయంలో ఒక మేలు జరిగింది. 1966లో వచ్చిన బీడీ, సిగారు కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టే మనిషిని కూడా కార్మికుల లెక్కలోనే వేసింది. కష్టాలన్నీ తీరాయని కాదు. కానీ ‘తీరికవేళ’ అన్న మాట చెరిగి, ‘కార్మికురాలు’ అన్న మాట పడింది. అడగడానికి ఒక పేరు దొరికింది. మీస్ పుస్తకం అసలు సారం ఇదేనని నాకనిపిస్తుంది. పనిని ఏ పేరుతో పిలుస్తామో, కూలి ఆ పేరును బట్టే పలుకుతుంది.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. ఇక మీదట ఇంకో ఊరివాడు ఆ పేరు పెట్టుకుని అమ్ముకోలేడు. కాకపోతే నాదో చిన్న కోరిక. ఆ లేసుగుడ్డకు కట్టే చీటీ మీద ఊరి పేరు కింద ఇంకో వరస వేయాలి: ‘ఇది అల్లడానికి ఇన్ని గంటలు పట్టింది’ అని. అలాంసొం వాళ్ళు గోరంత లేసుకు గంటలు చెప్పగా లేనిది, బల్లంత లేసుకు మనం చెప్పలేమా?