కాలికి తెలిసే వేడి

నాట్యం నేర్పేవాళ్ళకి గది సంగతి ముందు కాలికే తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం స్లాబు కింద పిల్లల్ని అరమండిలో నిలబెట్టి చూడండి. మొదటి కాలంలో నాలుగు అడవులు (అడుగుల కూర్పులు) అయ్యేసరికి పాదాల కింద గచ్చు తడిసి ఉంటుంది. రెండో కాలం అందుకునేసరికి ఎవరో ఒకరు జారతారు. జారిన పిల్ల లేచి మళ్ళీ నిలబడుతుంది గానీ ఆ తర్వాత కాలు గట్టిగా పడదు. అడుగులో భయం చేరాక తాళం నిలవదు. ఇక తరంగం అయితే చెప్పనే అక్కర్లేదు. ఇత్తడి పళ్ళెం అంచుని కాలివేళ్ళతో పట్టుకుని కదలాలి. వేళ్ళ సందుల్లో చెమట ఉంటే ఆ పట్టు దొరకదు. అందుకే నా దగ్గర పళ్ళెం సాధన ఎప్పుడూ తెల్లవారుజామునే.

కూచిపూడిలో సాధన వేకువకీ ప్రదర్శన రాత్రికీ కుదురుకోవడం వెనక సంప్రదాయం ఎంత ఉందో మా కృష్ణా డెల్టా ఎండ కూడా అంతే ఉందని నా నమ్మకం. సముద్రం దగ్గర. చుట్టూ కాలవలు, వరి చేలు. రాయలసీమలో ఎండ మాడుస్తుంది, ఇక్కడి ఎండ ఉడికిస్తుంది. ఒంటి మీద చెమట ఆరనివ్వదు. అలాంటి చోట పగలు గజ్జె కట్టడం కంటే రాత్రి కట్టడమే తెలివైన పని. భామాకలాపమైనా, ప్రహ్లాద నాటకమైనా చీకటి పడ్డాక మొదలై తెల్లవార్లూ సాగేది. వెలుగంతా కాగడాలదే. హిరణ్యకశిపుడు ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేచేది. ఆ నూనె ఎవరు పోసేవారని చిన్నప్పుడు మా పెద్దల్ని అడిగాను. ఆట పెట్టించుకున్న ఊరే పోసేదన్నారు. మేళం వాళ్ళు పాట, ఆట, వేషం చూసుకునేవాళ్ళు. కాగడాలో నూనె ఎంత మిగిలిందో చూసుకోవడం వాళ్ళ పని కాదు.

ఈ మాట ఇప్పుడు గుర్తు రావడానికి కారణం ఉంది.

వార్షికోత్సవానికి పిల్లలతో ఒక జతి, ఒక శబ్దం వేయించమని ఆమధ్య మా చుట్టుపక్కల ఒక ప్రభుత్వ హైస్కూలు వాళ్ళు పిలిచారు. పేరు చెప్పను, ఎందుకంటే ఈ కష్టం ఆ బడి ఒక్కదానిది కాదు. వాళ్ళిచ్చిన గది పడమటి వైపుది. పైన నాలుగు ఫ్యాన్లు. స్విచ్‌బోర్డు మీద నాలుగింటికీ తెల్ల కాగితం ముక్కలు అంటించి, స్కెచ్‌పెన్నుతో అంకెలు వేసి ఉన్నాయి. రెండో నంబరు, నాలుగో నంబరు మీద ఎర్ర గీత. అవి వేయకూడదట. పిల్లలకి అది ఎంత అలవాటైపోయిందంటే, గదిలోకి వచ్చిన పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఒకటీ మూడూ వేసి వాటి కిందకి గుంపుగా చేరారు. వరసలు సరిచేసి నిలబెట్టబోతే గాలి తగలని వరస మొహాలు వాడిపోయాయి. తత్ తై అనగానే మళ్ళీ అందరూ మెల్లమెల్లగా ఫ్యాను కిందకే జరిగిపోతున్నారు. ఎంత చెప్పినా వరస నిలవదు.

హెడ్‌మిస్ట్రెస్ గారితో అన్నాను, "మేడంగారూ, ఈ గంటసేపన్నా నాలుగూ వేయనివ్వండి" అని. ఆవిడ కాదనలేదు. తనే వచ్చి వేసి, "మాస్టారూ, నాకు మాత్రం పిల్లలు ఉక్కపోతలో కూర్చోవాలని ఉంటుందా? బిల్లు వచ్చినప్పుడు గ్రాంటులోంచి తీసేది నేనే. అందులోంచే సుద్దముక్కలు, రిజిస్టర్లు, కుళాయి రిపేర్లు, ఫినాయిలు. ఏది ఆపమంటారు?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కానీ ఇంటికొచ్చాక కాగితం తీసుకుని లెక్క వేశాను. తాళం లెక్కలు వేసే చేతికి ఈ లెక్క కష్టం కాదు.

పది తరగతి గదులు. గదికి నాలుగు ఫ్యాన్లు. పాతరకం ఫ్యాను ఒకటి 75 వాట్లు లాగుతుంది. నలభై ఫ్యాన్లు కలిపి 3 కిలోవాట్లు. రోజుకి ఆరు గంటలు తిరిగితే 18 యూనిట్లు. బడి ఏడాదికి 220 రోజులనుకుంటే 3,960 యూనిట్లు. అన్ని ఛార్జీలూ కలుపుకుని యూనిట్ 8 రూపాయలు పడుతుందనుకుందాం. 31,680 రూపాయలు. ఇందులో లైట్లు లేవు, కంప్యూటర్లు లేవు, నీళ్ళ మోటారు లేదు. ఉత్త ఫ్యాన్లకే ఇంత. సమగ్ర శిక్ష కింద వచ్చే కాంపోజిట్ గ్రాంటు, 100 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50,000 రూపాయలు. 30 మంది లోపు ఉంటే 10,000. అందులోనూ కనీసం పదో వంతు పరిశుభ్రతకి పోవాలి. అంటే ఆ స్విచ్‌బోర్డు మీది ఎర్ర గీత ఆవిడ గట్టితనం వల్ల వచ్చింది కాదు, ఆ యాభై వేలకి సరిపెట్టడానికి వచ్చింది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన నాడు-నేడు పనుల్లో మా జిల్లా బడుల్లో చాలా గదులకి ఫ్యాన్లు, లైట్లు వచ్చాయి. తర్వాత గోడలకి పెద్ద డిజిటల్ తెరలూ వచ్చాయి. అంతకుముందు ఫ్యానే లేని గదుల్లో నేను పాఠం చెప్పాను కాబట్టి అది ఎంత పెద్ద మేలో నాకు తెలుసు. కానీ వస్తువు కొనడానికి ఒక పద్దు, దాన్ని నడపడానికి ఇంకో పద్దు. మొదటిది ఒక్కసారి పెద్దగా వస్తుంది, శిలాఫలకం వేస్తారు. రెండోది నెలనెలా వస్తుంది, దానికి శిలాఫలకం ఉండదు. ఈలోగా కరెంటు ఛార్జీలు ఊరుకోలేదు. పాత ఏళ్ళ ఇంధన ఖర్చుల సర్దుబాటు పేరుతో 2024 చివర్లో విద్యుత్ నియంత్రణ మండలి 6,072 కోట్ల రూపాయల వసూలుకి డిస్కంలకి అనుమతి ఇచ్చింది. ఇళ్ళవాళ్ళ గొడవ పేపర్లలో వచ్చింది. బడుల గొడవ ఎవరికీ వినపడలేదు, హెడ్‌మాస్టర్లు ధర్నాకి రారు కాబట్టి.

మనకే కాదు, ఇదే కష్టం వేరే వాతావరణంలో వేరేగా వచ్చింది. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి ఇంగ్లండులో శని, ఆదివారాల్లో తెలుగు పిల్లలకి నాట్యం చెబుతుంది. ఒక బడి హాలు అద్దెకి తీసుకుంటుంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అక్కడ గ్యాసు, కరెంటు ధరలు ఎక్కడికో పోయాయి. 2022 అక్టోబరు నుంచి ఆరు నెలలు అక్కడి ప్రభుత్వం బడులకీ వ్యాపారాలకీ గ్యాసు, కరెంటు టోకు ధరకి పరిమితి పెట్టి ఆదుకోవాల్సి వచ్చింది. అయినా బడులు హీటర్లు తగ్గించాయి. "మాస్టారూ, నేల మంచుగడ్డలా ఉంది, పిల్లలు పాదం మోపలేకపోతున్నారు, మేజోళ్ళతో వేయించనా?" అని ఫోన్ చేసింది. వద్దన్నాను. మేజోడుతో కాలు జారుతుంది, అడుగు మోగదు. ముందు ఇరవై నిమిషాలు బూట్లతోనే ఒళ్ళు వేడెక్కించి ఆ తర్వాత విప్పించమన్నాను. బిగుసుకున్న పిక్కతో ద్రుతకాలం వేస్తే చీలమండ పోతుంది. ఇక్కడ చెమటకి జారే కాలు, అక్కడ చలికి బిగిసే కాలు. రెండింటికీ మూలం ఒక్కటే, బిల్లు చూసి ఎవరో స్విచ్ కట్టేశారు.

అంత దూరం పోనక్కర్లేదు. మన చింతపల్లి, లంబసింగి, పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలల పిల్లల్ని అడగండి, పుష్య మాసంలో తెల్లవారి చన్నీళ్ళ స్నానం ఎలా ఉంటుందో. ఆంధ్రదేశంలో చలి బడులు లేవని అనుకోకూడదు.

వేడి బడిలో పాఠం ఎంత పోతుందో కొలిచినవాళ్ళున్నారు. అమెరికాలో కోటి మంది విద్యార్థుల పరీక్ష మార్కుల్ని ఆయా ఊళ్ళ ఉష్ణోగ్రతలతో పోల్చి చూసిన పరిశోధన ఒకటి 2020లో అచ్చయింది. ఏసీ లేని బడుల్లో, ఏడాది సగటు ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ పెరిగితే ఆ ఏడాది చదువులో దాదాపు ఒక శాతం తరిగిపోయిందని తేలింది. ఏసీ ఉన్న బడుల్లో ఆ నష్టం దాదాపు లేదు. మన పిల్లలకి ఏసీ అడగడం లేదు నేను. కానీ ఫ్యాను సౌకర్యం కాదు, పాఠంలో భాగం. ఫ్యాను గదిని చల్లబరచదు, గాలిని కదుపుతుంది. పొడి ఎండ ఉన్నచోట చెమట దానంతటదే ఆరుతుంది. మా డెల్టా ఉక్కలో గాలి కదిలితేనే ఆరుతుంది. కాబట్టి ఇక్కడ ఫ్యాను కట్టేయడం చిన్న పొదుపు కాదు.

బడి గంటలు మార్చడం మనకి తెలిసిన విద్యే. మార్చి 15 దాటితే ఒంటిపూట బడులు. పొద్దున్న ఏడూ ముప్పావుకి మొదలై పన్నెండున్నరకి వదులుతారు. 2023లో జూన్ 12న బడులు తెరిచాక కూడా ఎండలు తగ్గకపోతే 24వ తేదీ దాకా ఒంటిపూటే నడిపారు. తెల్లవారుజాము సాధన లాంటిదే ఇది. అయితే ఒక లోటుంది. పిల్లలు ఇంటికి నడిచేది సరిగ్గా ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు. 2015 మే నెలలో వడగాల్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా పోయారని గుర్తుంటే ఆ నడక సంగతి తేలిగ్గా తీసుకోలేం. ఇంకా పొద్దున్నే మొదలుపెట్టడం గురించి ఆలోచించాలి. వేకువన లేవడం మా పిల్లలకి వస్తే ఏ పిల్లలకైనా వస్తుంది.

ఇక గది. మా వీధిలో ఇంకా మిగిలిన పెంకుటిళ్ళలో మధ్యాహ్నం కూడా సాధన చేయించవచ్చు. ఎత్తు కప్పు, మండువా, ముందు వరండా, కింద నాపరాళ్ళు. బడి స్లాబు ఆరుగంటల ఎండ తాగి సాయంత్రం దాకా కిందకి వదులుతూ ఉంటుంది. బడులన్నిటికీ పెంకులు వేయమనడం కుదరదు. స్లాబు మీద చిక్కగా సున్నం పూయించవచ్చు. తెలంగాణ 2023లో ఇలా కప్పులు చల్లబరచడానికి ఒక విధానమే తెచ్చింది. పడమటి కిటికీలకి తాటాకు తడికలు కట్టవచ్చు. ఇవి ఊరివాళ్ళు చేయగలిగినవి.

ఊరివాళ్ళ వల్ల కానివి రెండున్నాయి. ఒకటి ఫ్యాన్లు. ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. ఇందాకటి నలభై ఫ్యాన్లూ అవే అయితే ఏడాది ఖర్చు 31,680 నుంచి 12,672కి దిగుతుంది. కానీ ఫ్యాను మూడు వేలనుకున్నా నలభైకీ లక్షా ఇరవై వేలు. మిగులుతో అది తీరడానికి ఆరేళ్ళ పైన పడుతుంది. యాభై వేల గ్రాంటున్న హెడ్‌మాస్టరు ఆ పని చేయలేరు, ప్రభుత్వమే ఒక్కసారిగా కొని ఇవ్వాలి. రెండు, కప్పు మీద సోలార్. కిలోవాట్‌కి రోజుకి సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. ఇళ్ళలో సోలార్ కరెంటు పుట్టేది ఒక వేళ, వాడేది ఒక వేళ. బడిలో రెండూ ఒకటే వేళ, ఎండ ఎక్కువైనకొద్దీ ఫ్యాను అవసరమూ, కరెంటూ కలిసే పెరుగుతాయి. వేసవి సెలవుల్లో పుట్టినదంతా గ్రిడ్‌కి పోయి బిల్లులో జమ పడుతుంది. పలకలు పరిచిన మేర స్లాబుకి నీడ కూడా.

ఇవన్నీ అయ్యేలోపు నేను గట్టిగా అడిగేది ఒక్కటే. కరెంటు బిల్లు బడి గ్రాంటులోంచి తీసేయండి. జిల్లా స్థాయిలోనో రాష్ట్ర స్థాయిలోనో విద్యాశాఖే డిస్కంకి నేరుగా కట్టాలి. దుబారా అవుతుందని భయమైతే ఏ బడిలో ఎన్ని యూనిట్లు కాలాయో నెలనెలా చూసి అడగండి, ఫరవాలేదు. పాఠం చెప్పే మనిషి చేతిలో ఆ లెక్క పెట్టొద్దు. పెడితే ఆవిడ ముందు పిల్లల మొహం చూడదు, మీటరు చూస్తుంది.

వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి నన్ను కూడా రమ్మన్నారు. సున్నానికీ తడికలకీ మా నాట్య బృందం తరఫున డబ్బు ఇస్తామని చెప్పాను. పదో తరగతి పిల్లల తండ్రుల్లో మేస్త్రీలే ముగ్గురున్నారు, స్లాబు మీదకెక్కి పూసే పని తాము చేస్తామన్నారు. బిల్లు సంగతి తీర్మానం రాసి మండల విద్యాశాఖాధికారికి ఇవ్వాలని హెడ్‌మిస్ట్రెస్ గారిని అడిగాను. తాను రాస్తే బాగుండదు, పిల్లల తల్లులు సంతకాలు చేసి ఇస్తే బాగుంటుందన్నారు ఆవిడ. ముసాయిదా ప్రస్తుతం నా బల్ల మీద ఉంది. లెక్కలన్నీ పైన రాసినవే.