పాట కింద పూడిపోయిన ఏడాది

ఈ వారం కాలమిస్టుకు ఒక వీడియో అందింది. బంధువులమ్మాయి ఒకతె పోయిన ఏడాదంతా రోజుకో సెకను తీసి అతికించింది. 365 ముక్కలు, ఆరు నిమిషాల పైచిలుకు. వాకిట్లో ముగ్గు, సిటీ బస్సు కిటికీ, పప్పుకు తాలింపు పెడుతున్న అమ్మమ్మ. అంతా ముచ్చటగానే ఉంది. కోపం తెప్పించింది ఒక్కటే: మొదటి నుంచి చివరిదాకా ఒకే సినిమా పాట. తాలింపు చిటపట లేదు. అమ్మమ్మ పెదాలు కదులుతున్నాయి, మాట వినబడదు.

రోజును దాచుకోవాలంటే కలమూ డైరీయే దిక్కని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు వాదించారో పాత పాఠకులకు తెలుసు.

రోజుకో సెకను పద్ధతికి పేరు తెచ్చింది సీజర్ కురియామా. పెరూలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఆయన, 30వ ఏట ప్రకటనల రంగంలో ఉద్యోగం వదిలి, 2011లో ఈ పని మొదలుపెట్టారు. 2012లో టెడ్ వేదికపై దాని గురించి మాట్లాడారు, 2013లో యాప్ తెచ్చారు. పదేళ్లు తీస్తే గంట సినిమా అన్నది ఆయన లెక్క. ఆ లెక్క కన్నా మెచ్చుకోవలసింది వేరే ఉంది. దగ్గరి బంధువు ప్రాణాపాయంలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఆయన ఆ సెకను తీశారు. పుట్టినరోజు కేకులే ఏడాది కాదు కదా!

అయినా కాలమిస్టు మనసు జోనాస్ మెకాస్ దగ్గరికే పోతుంది. లిథువేనియా పల్లెలో రైతు బిడ్డ. నాజీల శ్రమశిబిరం, శరణార్థి శిబిరాలు దాటి 1949లో న్యూయార్క్ చేరారు. కొన్ని వారాలకే అప్పు చేసి బోలెక్స్ కెమెరా కొన్నారు. స్ప్రింగుకు కీ తిప్పి నడిపే 16 మిల్లీమీటర్ల కెమెరా అది, ఒకసారి తిప్పితే దాదాపు అరనిమిషం ఆడుతుంది. మిత్రుల పెళ్లిళ్లు, పార్కులో మంచు, భోజనాల బల్లలు ఏళ్ల తరబడి తీశారు. కానీ ఆ కెమెరా మూగది. అందుకే సబ్‌వే రైళ్లు, వీధి రొద, మనుషుల మాటలు విడిగా టేపుకెక్కించారు. 1969 నాటి ‘వాల్డెన్’లో మూడు గంటల పాటు బొమ్మ పక్కనే ఆ రొద నడుస్తుంది. 2007లో, 84 ఏళ్ల వయసులో, వీడియో కెమెరాతో ఏడాది పొడుగునా రోజుకో చిత్రం ఇంటర్నెట్‌లో పెట్టారు. అప్పటికి శబ్దానికి వేరే యంత్రం అక్కర్లేకపోయింది.

ఆయన అంత పాటుపడి పట్టుకున్నది ఇవాళ ప్రతి ఫోనూ ఊరికే ఇస్తోంది. ‘నాన్న పిలిచారు’ అని డైరీలో రాసుకోవచ్చు. ఆ పిలుపులోని సాగదీతను ఏ కలమూ రాయలేదు, దానికి సెకను సరిపోతుంది. ఈ ఒక్క విషయంలో కాలమిస్టు ఓటు ఫోనుకే. సెకను కోసుకున్నాక అసలు క్లిప్పు చెరిపేయకుండా నెలకోసారి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటే, పాట మోజు తీరాక కూడా ఆ గొంతులు దక్కుతాయి.